తలకు రంగు

రకరకాల భాషల్లోని ప్రేమ మాటల మీద అనువాదకుడు ఆ సాయంత్రం లైబ్రరీలో ఉపన్యాసం ఇవ్వాలి. మధ్యాహ్నం మెడకు పాత తువ్వాలు చుట్టుకుని బాత్రూమ్ అద్దం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. వెనక నిలబడి, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, భార్య అతని తలకు రంగు వేస్తోంది.

“జపాన్ వాళ్లకో మాటుంది, ‘కోయ్ నో యోకన్’ అని. ఒక మనిషిని మొదటిసారి కలిసినప్పుడే, వీళ్ల మీద మనసు పడక తప్పదని తెలిసిపోవడం. నన్ను చూసినప్పుడు నీకలా అనిపించిందా?”

“చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారని అనిపించింది.”

“పోనీ, బ్రెజిల్ వాళ్లు ‘కఫునే’ అంటారు. ఇష్టమైనవాళ్ల జుట్టులోకి వేళ్లు పోనిచ్చి మెల్లగా నిమరడం.”

“మీకు జుట్టేదీ?”

“అదే కదా నా బాధ! ఉన్న నాలుగు వెంట్రుకలకీ రంగు పులుముకుని, ప్రేమ గురించి అందరికీ చెప్పడానికి బయల్దేరుతున్నాను. నవ్వుతారేమో.”

“నవ్వనివ్వండి. నిద్రపోవడం కంటే నయం.”

“మనకసలు ఆ ‘కఫునే’కి మాటే లేదని కూడా చెబుతాను... అదేంటి, గ్లవ్స్ సింకులో ఉన్నాయి? నీ చేతులకి నల్లగా అంటుకుంటుంది!”

“రంగు వెయ్యడం ఎప్పుడో అయిపోయింది. తల కదపకండి.”