మూగ పల్లకీ

అసిరయ్యని ఒకడున్నాడంట. రాజుగారి కొలువులో పల్లకీ బోయీ, ముందు కొమ్ము, అదే పల్లకీ బొంగు ముందు కొస, మోసేవాడు. ముందు కొమ్మంటే భుజమొక్కటే కాదు, నోరు కూడా పన్జెయ్యాల. వెనకున్నోళ్లకి పల్లకీ చెక్క తప్ప ఏటీ అవుపడదు కదా! అందుకని ఈడు "ఓహోం, రాయుంది ఓహోం, గొయ్యుంది ఓహోం" అని పాడతా ఉంటే ఆళ్లు అడుగు చూసుకునీవోళ్లు. ఇరవయ్యేళ్లు అలాగే మోసేరు, ఒక్కనాడూ పల్లకీ ఒరగలేదంట.

ఏమైందంటే, కొత్త దివానుగారొచ్చేడు. ఆయనకి పల్లకీ ఎక్కితే చాలు, కునుకు. ఈళ్ల అరుపులకి కునుకు చెడిపోతోందని, ఇకమీదట బోయీలు నోరు మెదపకూడదు, ఇది ఉత్తరువు అనేశాడు. సరే, పెద్దోళ్ల మాట, మూగోళ్లలాగ మోసేరు. మూడోరోజు కాలవగట్టు మీద అడ్డంగా రాయి. అసిరయ్య చూసేడు. చూసి, నోటిదాకా వొచ్చిన మాట మింగేసి తను దాటేసేడు. వెనకున్న పోలయ్య, ఈడికి సొంత బావమరిదే అనుకో, ఆ రాతికి తన్నుకుని పడ్డాడు. కాలు మడతపడిపోయింది, పల్లకీ ఒరిగింది, దివానుగారు బురదలోకి దొర్లేడు. నవ్వకండర్రా, కాలు పోయినోడి సంగతి చూడండి! ఈడు కొలువుకి పనికిరాడు, పొమ్మన్నాడంట దివాను. అంతే, బోయీలందరూ పల్లకీ దించేసి, పోలయ్య కొలువులోకొస్తేనే ముట్టుకుంటామని కూచున్నారు. అసిరయ్యకైతే కూడు సయించలేదు. రాయి చూసింది నేను, చెప్పనిది నేను, ఆడి కాలు నేనే ఇరిచేనని ఒకటే ఏడుపు.

అటు దివాను మెత్తబడడు, ఇటు బోయీలు లెగరు. రాజుగారికేం తోచక, తనకి పాలిచ్చి పెంచిన దాది గవిరమ్మని పిలిచేడు. ఆ ముసల్ది దివాన్నీ అసిరయ్యనీ ఎదురుబొదురుగా కూచోబెట్టింది. అరుపులెందుకు, కళ్లు లేవా ఈళ్లకి అన్నాడు దివాను. తల్లీ, తప్పు నాదే, పోలయ్యనేం అనకండి అన్నాడు అసిరయ్య. అంతా విని గవిరమ్మ ఏమందంటే, "దివాను బాబూ, నాకు కాళ్లనొప్పులు. పల్లకీలో ఎళ్లి ఆ రాయేదో చూస్తాను. పోలయ్య లేడు కాబట్టి వెనక కొమ్ము తమరే పట్టండి" అందంట! రాజుగారు పక్కనే ఉన్నాడు, దివాను కాదంటాడా? పట్టు కండువా మడతెట్టి భుజమ్మీదేసుకుని ఎత్తేడు. ఎదరంతా చెక్కే. పదడుగులేసేడు, గులకరాయి తగిలి తూలేడు. ఇంకో పదేసేడు, మళ్లీ తూలేడు. ఇంక ఉండబట్టలేక, "ఒరే అసిరయ్యా, ముందేటుందో చెప్పరా నాయనా!" అని అరిచేడంట. ఆ మాట కోసమే కదా ఆడు చూస్తున్నాడు! "ఓహోం! రాయుంది బాబూ, ఎడంపక్కకెయ్యండి ఓహోం!" అన్నాడు. దివాను ఎడంపక్కకేసేడు, గట్టెక్కేడు.

పల్లకీ దించి, చెమట తుడుచుకుని, దివానే అన్నాడంట, ఆ పిలుపు ఆపింది నా తప్పు, పోలయ్య కాలు బాగయ్యేదాకా ఇంటికాడున్నా కొలువులో ఉన్నట్టే అని. అసిరయ్య గవిరమ్మ కాళ్లమీద పడిపోయి, "అమ్మా, నా నోరు నాకిచ్చేవు" అని ఏడిచేడు. "నాకు కాదురా, ఆ బాబుకి పెట్టు దణ్ణం. అడగడానికి సిగ్గుపడలేదు" అంది ఆవిడ. పెట్టేడు.

అప్పట్నించీ ఆవిడ వాకిలి ముందు నుంచి పల్లకీ పోతే "మా గవిరమ్మ తల్లి సల్లగుండాల" అని పాడీవోళ్లంట బోయీలు. లోపల్నించి దివానుగారు కూడా "ఓహోం" అనీవోడంట, కునుకులోనే. ఏర్రా, నా కత వెనకున్నోళ్లకి వినపడిందా?