బొటనేలి గుంత

"అవ్వా, మా పాప అన్నం బాక్సు నాలుగు దినాలుగా ఖాళీగా వస్తాండాది! మీ హాసిని తింటాండాదా ఇప్పుడన్నా?"

ఖాళీగానా? నాలుగు దినాలా? ఊఁ. ఆ బాక్సు ఈడ మెట్టు మీద పెట్టి కూసో శిరీషా. కడగొద్దు, అట్నే ఉండనీ. ఇప్పుడే పై ఇంటికి పోయి ఏం సేస్తావు, మీ ఆయన వచ్చేదానికి ఇంకా పొద్దుండాది గదా.

మా హాసినా? తినదు. ఈ పొద్దు గూడా నిండు బాక్సే తెచ్చింది. నువ్వు నవ్వుతాండావు గానీ, నాకు ఆ నిండు బాక్సు సూస్తేనే పానం కుదుటపడేది. పిచ్చి ముసిల్ది అనుకుంటావేమో, అనుకో.

నీకు తెలుసు గదా, నా కొడుకు తెల్లార్తానే టమోటా మండీకి పోతాడు. కోడలు ఎనిమిదికంతా ల్యాబుకు పోవల్ల. మా కోడలిది కుప్పం పక్క, సగం అరవంలో తిడతాది, నాకు అర్థం గాదనుకుంటాది పాపం. బాక్సు కట్టేది నేనే. ఆ పిల్లకు ఆవాలు కనపడకూడదు. కరేపాకు కనపడకూడదు. పప్పు అన్నానికి తగలకూడదు, అట్లని పప్పు లేకుండా పెట్టకూడదు. దోసె ఓ పక్క మాడిందా, ఇంగ అది నాకే. చిత్రాన్నంలో శెనిక్కాయ బద్దలు ఒగటొగటి ఏరేసి పెడితే, సల్లారిపోయిందని తినలేదంట! మా కాలంలో బియ్యమన్నం అంటే పండగకే గదమ్మా. మా నాయిన పుంగనూరు సంతకు గొర్రెలు తోలుకోని పోయినప్పుడు బియ్యం తెస్తాండె, శేరు... అణాల్లో ఉన్నింది, ఎన్ని అణాలో మరిసిపోతి. సరే, అది గాదు నేను సెప్పేది.

పోయిన సమ్మచ్చరం వానలు పడినాక, ఒగ దినం బాక్సు ఖాళీగా వచ్చింది. కోడలు ఎగిరి గంతేసింది. "అత్తా, మీ చెయ్యి మంచిది" అనె. ఎప్పుడూ అనని మనిషి. రెండో దినం ఖాళీ, మూడో దినం ఖాళీ. బెండకాయ పెట్టినా ఖాళీ. నేను గూడా సంబరపడితి, అబద్ధం యాల సెప్పేది. పాలామెకు, ఎదురింటామెకు, అందరికీ సెప్పుకుంటి.

వారం పోయినాక... వారం గాదు, పది దినాలు. బాక్సు కడిగేదానికి మూత తీస్తే, అడుగున ఒగ ముద్ద మిగిలి ఉండాది. పెరుగన్నం ముద్ద. గుండ్రంగా పిసికి, నడిమధ్యన బొటనేలితో గుంత నొక్కి, దాంట్లో రవంత ఊరగాయ పెట్టి ఉండాది. సూస్తానే బాక్సు కడగకుండా పక్కన పెట్టేస్తి.

నీకు తెల్దులే ఆ గుంత. మాది తంబళ్లపల్లె పక్క పల్లె. గొర్రెలే మా బతుకు. గొర్రెల ఎనకాల పోయేవోళ్లు సద్దికి గిన్నెలూ డబ్బాలూ మోసకపోరు. రాగిసంగటి ముద్ద సేసి, బొటనేలితో గుంత నొక్కి, ఆ గుంతలో ఊరిబిండి పెట్టి, అదేలే, శెనిక్కాయ పచ్చడి, పైన మూసేసి గుడ్డలో కట్టుకోని పోతారు. నేను పెండ్లయి ఈ మదనపల్లెకు వచ్చినాక ఒగ్గ దినం గూడా అట్ల సెయ్యలా. సేత గాక గాదు. సెయ్యకూడదని.

ఆ గుంతలో నా యేలు పెట్టి సూస్తి, దూరలా. హాసిని యేలు పెట్టించి సూస్తి, వదులుగా ఉన్నింది. పదేండ్ల పిల్ల ఎవతో నొక్కిన గుంత అది.

"ఎవురు సేసినారమ్మీ ఇది?" అంటే, "అక్క" అనింది.

"యా అక్క? పెద్ద క్లాసు అక్కనా?"

"కాదు, ఆ అక్కకు యూనిఫాం లేదు. అన్నం బెల్లు కొడతానే గోడ కాడికొచ్చి కూసుంటాది. నాకు తినిపించి, అక్క గూడా తింటాది."

"ఎట్ల తినిపిస్తాది?"

బొమ్మకు జడ ఏసుకుంటానే సెప్పె, నా మొగం గూడా సూడలా. "ఇది సుక్కదానికి, ఇది బొల్లిదానికి, ఇది మోటుచెవిదానికి, ఇది కొమ్ముదానికి, ఇది కుంటిదానికి."

శిరీషా, అవి మా గొర్రెల పేర్లు. అరవై అయిదేండ్ల కిందటి గొర్రెలు. ఆ పేర్లు తెలిసినోళ్లల్లో బతికుండేది నేనొగదాన్నే. మా ఇంట్లో నేనెప్పుడూ ఆ పేర్లు ఎత్తిందాన్ని గాదు.

మా గంగక్క ఉన్నింది. నాకంటే మూడేండ్లు పెద్ద. నన్ను ఇస్కూల్లో ఏసినారు, దాన్ని గొర్రెలకు పంపినారు. మద్యాన్నమైతే గొర్రెల్ని గుట్ట కింద ఇడిసిపెట్టి, ఇస్కూలు కాడికి పరిగెత్తుకోని వచ్చి నాకు సంగటి తినిపిస్తాండె. నేనేమన్నా తక్కువదాన్నా? హాసిని నా మనవరాలే గదా, బుద్ధులు యాడికి పోతాయి. ఆ సంగటి సూస్తేనే నాకు వాంతికొచ్చేది. గొర్రె పేరు సెప్పి ఒగో ముద్ద నోట్లో పెడతాండె. నాలుగుకంతా నోరు మూసుకుంటాంటి. ఐదో ముద్ద, కుంటిదానిది, ఎప్పుడూ అక్కే తినేది. "ఈ పొద్దు గూడా కుంటిదాన్ని పస్తు పెడితివే" అని నవ్వేది.

ఒగ దినం, నాకీ సంగటి వద్దేవద్దు అంటి. సీతాఫలం తెస్తేనే నోరు తెరిసేది అంటి. ఏడేండ్ల దాన్ని, పొగరు. అక్క ఆ ముద్ద నా చేతిలో పెట్టి, "పట్టుకోనుండు, ఇప్పుడే వస్తా" అని గుట్టెక్కి పాయె. రవంత సేపు సూస్తి. బెల్లు కొట్టినారు. ముద్ద కుక్కకేసి లోపలికి పోతి.

మాపున గొర్రెలు వాటి పాటికి అవి ఇల్లు జేరినాయి. అక్క రాలా. ఓ పెద్ద బండ కింద దొరికింది. జారిపడింది. పావడాలో మూటగట్టిన కాయలు మాత్రం ఒగటి గూడా పగల్లేదంట.

మా యమ్మ సచ్చేదాకా అదే మాట. "గొర్రెలు కింద ఉంటే ఇది గుట్ట పైకి యాల పాయె? యాల పాయె?" నేను పక్కనే కూసోని ఇంటాంటి. నోరు తెరవలా. మా ఆయనకు సెప్పలా, కొడుక్కు సెప్పలా. నీకే సెప్తాండా.

అందుకే అది మా అక్కని తెలిసినా, మొదట నాకు బయం కాలా. పిల్లకు తినిపిస్తాండాది గదా, తినిపించనీ అనుకుంటి. రెండు ముద్దలు ఎక్కువే పెట్టి పంపిస్తి. ఊరిబిండి గూడా నూరితి, నీతో అబద్ధమేంది. గానీ హాసిని ఒళ్లు పట్టలా. ఖాళీ బాక్సు తెచ్చే పిల్ల, జబ్బలు పుల్లలైపోయినాయి. ఒగ మాపు స్నానం సేయిస్తాంటే అనింది గదా, "అవ్వా, రేపు అక్క నన్ను ఇస్కూలు ఎనకాల గుట్టకు తీసకపోతాదంట. ఆడ సీతాఫలాలు ఉండాయంట."

తల తుడవకుండానే పాపను లోపలికి ఎత్తుకోని పోతి.

ఇస్కూలు మానిపిద్దామా? ఎన్ని దినాలు మానిపిస్తావు? తెల్లారి కోడలితో, బాక్సు నేనే తీసకపోతాలే, ఏడిగా తింటాది అంటి. సంగటి కెలికితి. ముద్దలు సేసి, ఈ యేలితోనే గుంత నొక్కితి. ఆటో ఎక్కి అన్నం బెల్లుకు సరిగ్గా పోతి.

పిలకాయలంతా గోడ నీడన గుంపుగా కూసోని తింటాండారు. హాసిని ఆ కొసన. దాని పక్కన ఒగ మనిషి కూసునే జాగా ఖాళీగా ఉండాది. ఎవురూ ఆడ కూసోలా, బ్యాగు గూడా పెట్టలా. నేను దగ్గరికి పోతానే గొర్రె బొచ్చు వాసన. టవున్లో ఇస్కూలు తల్లీ అది, గొర్రెలు యాడుండాయి!

నేను గూడా కింద కూసుంటి. ఆ ఖాళీ జాగా తిక్కు సూసి అంటి, "గంగక్కా, నాకు కాయలొద్దు. ఆ పొద్దు నీ ముద్ద కుక్కకేస్తి. ఈ పొద్దు తింటా. దీన్ని మాత్రం తీసకపోవద్దే."

హాసిని పక్కకు చెవి పెట్టి ఇన్నట్టు ఇని, బాక్సులో చెయ్యి పెట్టె. "నోరు తెరవమంటాండాది అవ్వా."

సుక్కదానికి. బొల్లిదానికి. మోటుచెవిదానికి. కొమ్ముదానికి. నాలుగైనాయి. ఏడేండ్లప్పుడు ఎట్ల మూసుకుంటాంటినో, నోరు అట్నే మూసుకోనింది. పాప సెయ్యి అట్నే ఎత్తి పట్టుకోని ఉండాది. కుంటిదానికి, కుంటిదానికి అంటాండాది. ఏడ్సుకుంటా తెరిస్తి. మింగితి.

"పోయింది అవ్వా" అనె పాప.

"యాడికమ్మా?"

"గొర్రెలు ఎదురు సూస్తాంటాయంట."

వాసన గూడా పాయె. అంతే. ఆ మర్నాటి నుండి బాక్సు ఎట్ల పోయింది అట్నే వస్తాండాది. కోడలు టానిక్కులు తెస్తాండాది, డాక్టర్ల కాడికి తిప్పుతాండాది. పిల్ల ఇంటికొచ్చి నా చేత్తో రెండు ముద్దలు తింటాది, ఇప్పుడు కొంచెం ఒళ్లు పట్టింది గూడా. నేను దినామూ గేటు కాడ నిలబడి, బాక్సు చేతిలోకి తీసుకుంటానే బరువు సూస్తా. బరువుంటే ఊపిరాడతాది.

ఏదీ, ఇటివ్వు మీ పాప బాక్సు. మూత గట్టిగా ఉండాదే, నువ్వు తియ్యి. ఊఁ. అంచుకు మెతుకులు, సాంబారు మరకలు, యేళ్లతో నాకిన గీతలు. ఏమీ లేదులే. మీ పాపే తినింది. బయపడొద్దు.

యాల అట్ల సూస్తాండావు? కండ్లా? ఏం లేదు. బయంతో ఎతకలా తల్లీ నేను. బయం మా హాసిని బాక్సు కాడనే. యా పిలకాయ బాక్సు ఖాళీగా వచ్చిందన్నా, ఒగసారి సూడనీ అంటా, ఆ గుంత ఉండాదేమోనని. పోయేటప్పుడు గంగక్క నా తిక్కు తిరిగి సూసిందా అని హాసినిని అడగలా. అప్పుడే అడగాల్సింది. ఇప్పుడడిగితే, యా అక్క అవ్వా అంటాది.

పో తల్లీ, పొద్దు పోతాండాది. మీ పాప సల్లగుండల్ల. ఆకలైనప్పుడు అన్నం, అన్నమున్నప్పుడు ఆకలి, రెండూ దానికి ఉండల్ల. ఆఁ, శిరీషా... రేపు గూడా ఖాళీగా వస్తే, కడక్కుండా తీసకరా. రవంత సూస్తా.