పోలి నుదుటి మీద గాటు

మెట్ట మీద ఒంటి చింతచెట్టు ఉందే, దాని కిందే ఒరలు కూలిన పోలి బావి. గొడ్లు కాసేవాళ్ళు కూడా అటు పోకుండా చుట్టు తిరిగి వస్తారు. ఎందుకయ్యా అంటే, పెద్ద కరువులో పోలి అందులో పడి చచ్చిందని, దీపాలవేళకి తెల్లచీర కట్టుకుని నీళ్ళకొస్తుందని చెబుతారు. మీ తాతలు చెప్పారు, మీ నాన్నలు చెప్పారు, రేపు మీరు మీ పిల్లలకి చెబుతారు. ముందు ఇది వినండి, ఆ వెనకాల గుసగుసలాపి వినండి.

పోయిన వేసంగిలో దీవెనమ్మ అని ఒకావిడ మన ఊరొచ్చింది. బళ్ళో పంతులమ్మగా చేసి దిగిపోయిన మనిషి, వాళ్ళది కాలవ దిగువన మిషను ఊరు. వాళ్ళ వంశంలో మొదట బాప్తిస్మం తీసుకున్నది నాయనమ్మకి అవ్వ, సారమ్మట. ఆవిడ సమాధికి ఏటా సమాధుల పండక్కి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సమాధి రాయి పగిలింది, కొత్తది చెక్కించాలి. మరి సారమ్మ ఏ ఊరి మనిషి? ఇంట్లో పాత బైబిలు మొదటి కాగితం మీద పుట్టినవాళ్ళవీ పోయినవాళ్ళవీ పేర్లన్నీ ఉన్నాయి గానీ, సారమ్మకి పైన ఏమీ లేదు. మనిషి ఆకాశంలోంచి ఊడిపడుతుందా? పుట్టిన ఊరు రాయకుండా రాయి నిలబెట్టనని దీవెనమ్మ మొండికేసింది, పాస్టరు గారి వెంటపడి గుడిలో పాత రిజిస్టర్లన్నీ తీయించింది, అందులో కనబడింది. కరువు తీరాక బాప్తిస్మం, పేరు సారమ్మ, పూర్వనామం పోలి, ఊరు మనదే. ఆ రోజుల్లో బాప్తిస్మంతో పేరు కూడా మార్చేవారు కదా, పాత పేరు పాత ఊళ్ళోనే ఉండిపోయింది. సారమ్మ అంటే ఇక్కడెవరికీ తెలీదు, పోలి అంటే అక్కడెవరికీ తెలీదు.

ఇంకేం, పుట్టింటికి వస్తున్నట్టు వచ్చింది పాపం, సంచిలో పిల్లలకి బిస్కెట్లు కూడా వేసుకుని. గూడెం మొదట్లోనే వీరాస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పోలి వాళ్ళ ఇల్లెక్కడ అన్నయ్యగారూ అని అడిగింది. వీడు నవ్వాడు. పోలి మా ఊరి దెయ్యం కదమ్మా అని మొదలుపెట్టి, కరువులో మొగుడూ పెళ్ళామూ బంజర్లో బావి తవ్వడం, నీళ్ళు పడడం, పోలి అందులో పడిపోవడం, అన్నీ చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా? వాళ్ళ తాత చినగురవడు ఒక సాయంత్రం తెల్లచీర దెయ్యాన్ని బావి గట్టున చూసి, పారిపోకుండా రాయి తీసి కొట్టాడట, సరిగ్గా నుదుటికి తగిలిందట, చీరంతా నెత్తురట, అది కూలబడి ఏడ్చి ఏడ్చి కాలవ గట్టు పట్టుకుని పోయిందట. చెయ్యెత్తి మరీ చూపించాడు, ఎలా విసిరాడో.

దీవెనమ్మకి నాయనమ్మ మాటలు గుర్తొచ్చాయి. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు సారమ్మ ఒళ్ళో కూర్చుని నుదుటి మీద లోతు గాటులో వేలు పెట్టి ఏంటవ్వా ఇది అని అడిగేదట, సారమ్మేమో మా ఊరు పెట్టిన బొట్టమ్మా అనేదట. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, ఏ ఊరో ఒక్కటే తెలీదు. అది ఇప్పుడు తెలిసింది.

"చచ్చిన మనిషికి నెత్తురొచ్చిందా అన్నయ్యగారూ?" అంది.

వీరాస్వామి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

మనకి ఇన్నేళ్ళలో ఒక్కరికైనా తట్టిందా ఆ ప్రశ్న? పోలి బావిలో పడలేదు. గంజి పోస్తున్నారంటే మొగుడితో కలిసి కాలవ పనికి పోయింది, అక్కడే మిషనులో చేరింది. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం రోజున గుడికి తెల్లచీర కట్టడం వాళ్ళ ఆడవాళ్ళ ఆచారం. అలా గుడి నుంచే బయల్దేరి, తను తవ్విన బావి చూసుకుందామని, గుక్కెడు నీళ్ళు తాగుదామని అంత దూరం నడిచొచ్చింది. ఈలోపల బావిలో పడి చచ్చిందని ఊళ్ళో చెప్పింది ఎవరు? ఆసామి నరసారాయుడు. దెయ్యముందని గూడేన్ని రానివ్వకుండా చేసి, అదే బావికి మోట కట్టి మిరపతోట పండించుకున్నాడు. దెయ్యం మనకేనా, ఆయన ఎద్దులకి లేదా? తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆసామి సంగతి అలా ఉంచండి, మనవాళ్ళ బుద్ధేమైంది? సాటి గూడెం మనిషి మొహం గుర్తుపట్టలేదా, చీర రంగే కనబడిందా?

దీవెనమ్మ ఇంకెవర్నీ ఏమీ అనలేదు. ఆ బావి నీళ్ళు ఒక బిందెడు కావాలంది, అంతే. అక్కడ మూగినవాళ్ళలో ఒక్కడూ కదల్లేదు. ఆఖరికి వీరాస్వామే లేచి, తాడూ బిందే తీసుకుని మెట్ట ఎక్కాడు, తోడాడు, ఆ బిందె ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఆవిడ వెంట మిషను ఊరు దాకా వెళ్ళాడు. సమాధి మీద ఆ నీళ్ళు వాడి చేతే పోయించిందావిడ. ఇప్పుడు అక్కడ కొత్త రాయి మీద సారమ్మ పేరూ, కింద పోలి పేరూ, దాని కింద మన ఊరి పేరూ ఉన్నాయి. నేనూ వెళ్ళి చూశాను, మన ఊరి పేరు చదువుకోవడానికి నాకైతే సిగ్గేసింది.

అయినా సరే, పొద్దుగూకాక మీరు ఆ బావి వైపు వెళ్ళకండి. పోలి ఏమీ అనదు, ఆవిడ అక్కడ లేదు. ఒరల సందుల్లో నాగుపాములున్నాయి. వచ్చింది మనిషో దెయ్యమో వాటికి తెలీదు, మనకి మల్లేనే.