వరసలో మొలిచిన తుంగ

2003, చైత్రమాసం, ఒక మంగళవారం పొద్దున్న. రాజమండ్రి ఊరి చివర కాలనీలో, ఇరిగేషన్‌లో ఓవర్సీరుగా చేసి రిటైరైన బుల్లిరాజుగారి ఇంటి ముందు గులాబీ మడి. కడియం నుంచి కలుపు తీయడానికొచ్చే మరిడమ్మ గంప పక్కన పెట్టుకుని మడి గట్టున కూర్చుంది. ఆవిడ నెత్తిమీద బుల్లిరాజుగారి భార్య శ్యామలాంబగారు నిలబడ్డారు. శ్యామలాంబగారు నోరు తెరిచాక మధ్యలో దూరడం ఎవరి తరమూ కాదు గనక, మనమూ మధ్యలోంచే వినాలి.

“...మాట మార్చకు మరిడమ్మా! పోయిన మంగళవారం ఈ మడి తీశావా, లేదా?”

“తీశానండి.”

“తీస్తే ఇదేంటి?”

“తుంగండి.”

“తుంగని నాకూ తెలుసే. వారం కింద తీసిన మడిలో బెత్తెడు తుంగ ఎలా లేచిందని అడుగుతున్నా.”

“వానలు పడ్డాయేమోనండి.”

“చైత్రంలో వానేంటి? మా ఇంటి మీద ఒక్కచోటే పడిందా?”

“మరి మీరు నీళ్ళు పోస్తారు కదండీ.”

“గులాబీలకి పోస్తాను. తుంగకి పోస్తానా?”

“ఎవరికి పోశారో నీళ్ళకేం తెలుస్తదండి.”

“ఇదిగో, ఈ తెలివితేటలే వద్దన్నాను. పైపైన తెంపేసి గడ్డ లోపలే ఉంచేస్తున్నావు. మళ్ళీ మొలవాలి, మళ్ళీ పిలవాలి. అంతేనా?”

“అమ్మగారండీ! తిడితే తిట్టండి, పడతాను. ఆ మాట మాత్రం అనకండి. కడియం నర్సరీల్లో పద్దెనిమిదేళ్ళు చేసిన చెయ్యండి ఇది. మొక్క కదలకుండా పక్కన గడ్డిపోచ లాగేస్తాను. గడ్డ వదిలేసిందని నా మీద మాటొస్తే నేనింకెక్కడ తలెత్తుకుంటానండి?”

“తలెత్తుకోవద్దులే. రేపు గడ్డిమందు కొట్టే చినబాబు వస్తున్నాడు. పక్కింటి సత్యశ్రీకి చెప్పాను, వాళ్ళూ కొట్టించుకుంటారట. ఈ వీధిలో నువ్వు చేసే తొమ్మిదిళ్ళ వాళ్ళూ కొట్టించుకుంటారట.”

“తొమ్మిదిళ్ళూనా అండీ!”

“తొమ్మిదీను.”

“అంటే రేపట్నుంచి నేనీ వీధిలోకి రానక్కర్లేదా అండీ?”

“ఏంటే శ్యామలా, పొద్దున్నే ఆ పిల్లని పట్టుకుని?”

“పిల్లేంటండీ, మనవలున్నారు దానికి. మీరు వెళ్ళి పేపరు చదువుకోండి.”

“చదివేశాను. గడ్డిమందు వద్దు.”

“ఎందుకొద్దు?”

“గులాబీలు చచ్చిపోతాయి.”

“గులాబీల మీద పడకుండా కొడతాట్ట.”

“గాలికి పడుతుంది.”

“గాలి లేనప్పుడు కొడతాడు.”

“గాలి లేకపోతే... నాకు బీపీ.”

“గాలికీ మీ బీపీకీ సంబంధమేంటండీ?”

“డాక్టరుగారే అన్నారు, ప్రశాంతంగా ఉండమని. మందు వాసన తగిలితే ప్రశాంతత ఎక్కడుంటుంది? మరిడమ్మే నయం. చేత్తో తీస్తుంది, చప్పుడుండదు, వాసనుండదు.”

“వాసన సంగతి తర్వాత మాట్లాడదాం. నాకొకటి చెప్పండి. మాఘమాసంలో ఈ మడి అద్దంలా ఉందా, లేదా?”

“ఉంది.”

“అప్పుడు ఈవిడతో ఏం చెప్పాం? ఇక వారం వారం రానక్కర్లేదు, కలుపు కనిపిస్తే కబురు పెడతాం అన్నాం. అన్నామా మరిడమ్మా?”

“ఆయ్, అన్నారండి.”

“అన్నామా, సరిగ్గా ఆ తర్వాత వారం నుంచే తుంగ! అప్పటిదాకా ఈ ఇంట్లో తుంగన్న మాటే లేదు. సోమవారం అయ్యేసరికి ఈయన మడి దగ్గర నిలబడి, ‘శ్యామలా, తుంగొచ్చింది, మరిడమ్మకి కబురు పెట్టు’ అనడం.”

“నువ్వు మాత్రం పెట్టలేదేంటే? కడియం బస్సు కండక్టరుతో రెండుసార్లు నువ్వే చెప్పి పంపావు.”

“అది... అది పెరట్లో మల్లెపాదు దగ్గర నాలుగు పోచలు చూసి పంపాను. ఆ నాలుగు వేరు, ఈ అరణ్యం వేరు. నాలుగు పోచలకీ ఓ లెక్కుంటుంది. ఇది లెక్కకి దొరికేదేనా? ఏమే మరిడమ్మా, మాట్లాడవేం?”

“ఏం మాట్లాడమంటారండి.”

“ఎందుకు మొలుస్తోందో చెప్పు.”

“చెప్పలేనండి.”

“తెలీకా, చెప్పకా?”

“చెప్పలేకండి.”

“చూశారా! దొరికిపోయింది. నోట మాట రావడం లేదు.”

“పోనీలేవే. ఆవిడ వయసు చూడు. వదిలెయ్.”

“పిల్లన్నారు ఇందాక!”

“పిల్లలాంటి మనసని.”

“అయ్యగారండీ, మీరు నా తరపున మాట్లాడకండి, మీకు దణ్ణం పెడతాను. అమ్మగారండీ, నేను నోటితో ఏమీ చెప్పను. ఒట్టేసినదాన్ని. పెద్దాపురం మరిడమ్మ తల్లి పేరు పెట్టుకుని ఒట్టు తప్పితే జాతరకి ఏ మొహంతో వెళ్తానండి? కానీ నా చెయ్యి దొంగచెయ్యంటే ఒప్పుకోను. ఒక్క గడ్డ తవ్వి చూపిస్తాను. ఆపైన మీ ఇష్టం.”

“తవ్వు.”

“తవ్వొద్దు! వేళ్ళు తెగిపోతాయి!”

“తుంగ వేళ్ళు తెగితే మీకెందుకండీ అంత బాధ?”

“తుంగవి కాదే. గులాబీవి.”

“నా చేతిలో గులాబీ వేరు తెగదండి. తప్పుకోండి అయ్యగారు, నీడ పడతంది. ఇదిగోండమ్మా, చూడండి. ఇదేంటండి?”

“తుంగగడ్డ.”

“ఒక్కటేనా అండి?”

“ఒక్కటే.”

“తుంగగడ్డ ఎప్పుడూ ఒక్కటుండదండి. దానంతటది మొలిస్తే గడ్డకీ గడ్డకీ మధ్య దారంలాంటి వేరుంటది. ఒకటి లాగితే పూసలదండలాగా పది వస్తాయి. దీనికి దారమేదండి?”

“తెంపేసినట్టుంది.”

“ఆయ్. ఇంకోటి చూడండి. మీ మడిలో మట్టేంటండి?”

“ఎర్రమట్టి. లారీ తోలించాం.”

“ఈ గడ్డని పట్టుకున్న మట్టేంటండి?”

“నల్లగా ఉందే! ఇది కాలవగట్టు మట్టి కదూ?”

“నేనేమీ అనలేదండి. మీరే అన్నారు.”

“కాలవగట్టు మట్టి మా మడిలోకెలా వచ్చింది? ఈ ఇంట్లో కాలవగట్టుకి వెళ్ళేదెవరు?”

“శ్యామలా, నాకు కాస్త కాఫీ...”

“డాక్టరు రోజుకొక్కటే అన్నాడు, తాగేశారు. పొద్దున్నే కాలవగట్టు మీద నడకకి వెళ్ళేది మీరు కదండీ?”

“సగం కాలనీ వెళ్తుంది.”

“సగం కాలనీ మన మడిలో గడ్డలు పాతుతుందా?”

“అమ్మగారండీ, కాస్త దూరం జరిగి మడిని ఈ చివర నుంచి చూడండి. వంగక్కర్లేదండి, ఊరికే చూడండి చాలు.”

“చూస్తున్నా. తుంగ... ఓలమ్మో! వరసలో ఉందేంటే? ఊడుపులు ఊడ్చినట్టు!”

“తుంగ వరసలో మొలవదండి. నా పద్దెనిమిదేళ్ళలో నేనెక్కడా చూళ్ళేదండి.”

“ఎంతెంత దూరంలో ఉన్నాయి ఇవి? ఏవండీ, మీ టేపు ఇలా ఇవ్వండి.”

“టేపు పోయింది.”

“చొక్కా జేబులో ఉన్నదేంటి?”

“అది పాత టేపు.”

“పాత టేపుకి అంగుళాలుండవా? ఇవ్వండి. మరిడమ్మా, ఆ చివర పట్టుకో. ఆరంగుళాలు. ఇది... ఆరంగుళాలు. ఇదీ ఆరే. ఇదీ ఆరే! వెంట్రుకవాసి తేడా లేదు! ముప్ఫై నాలుగేళ్ళు కాలవగట్లు కొలిచిన చెయ్యి కాకపోతే కలుపుమొక్కని టేపు పెట్టి నాటేదెవరండీ ఈ ప్రపంచంలో?”

“టేపు జాగ్రత్తే, మడత పడుతుంది.”

“మిమ్మల్నే.”

“అలవాటే శ్యామలా. వంకరగా నాటితే నిద్రపట్టదు.”

“నాటానని ఒప్పుకున్నారు! మతి గాని పోయిందా? తుంగ నాటడమేంటండీ?”

“కలుపుంటేనే కదా మరిడమ్మ వచ్చేది.”

“మరిడమ్మ ఎందుకు రావాలి?”

“అది... మరిడమ్మా, నువ్వు చెప్పు.”

“నేను ఒట్టేశానండి. మీకే వేశాను.”

“ఒట్టు గట్టున పెడుతున్నాను, చెప్పెయ్.”

“అయితే సరేనండి. గంపలో అడుగున, గడ్డి కింద, అరిటాకు చుట్టిన స్టీలు గిన్నె ఉంటదండి.”

“గిన్నెలో?”

“ఎండురొయ్యలు, చింతచిగురండి.”

“ఎండురొయ్యలా!”

“అరవకే! సత్యశ్రీగారు వింటారు.”

“విననివ్వండి! ఎనిమిది నెలలండీ! బీపీ అని డాక్టరు ఉప్పుచేప మానమంటే మాన్పించాను.”

“డాక్టరు ఉప్పుచేప ఒక్కటే అన్నాడు. నువ్వు చేపా, రొయ్యా, కోడీ, చివరికి గుడ్డు కూడా ఎత్తేశావు. ఎనిమిది నెలల నుంచి బీరకాయ తింటున్నానే. కలలో కూడా బీరకాయే వస్తోంది.”

“నేను తినడం లేదా బీరకాయ? మీ ఒక్కరినీ మాన్పించానా? ‘ఆయనకి లేనిది నాకూ వద్దు’ అని మీ అక్క వీరదుర్గ వదినగారి ముందు చెప్పానా, లేదా?”

“చెప్పావు.”

“అప్పుడు మహిళామండలి వాళ్ళంతా ఇక్కడే ఉన్నారా? చప్పట్లు కొట్టారా?”

“కొట్టారు. అక్క వెళ్తూ వెళ్తూ నీ కాళ్ళకి పసుపు కూడా రాసింది.”

“అలాంటిదాన్ని నోరు కట్టుకుని కూర్చుంటే, మీరు... ఎక్కడండీ తినేది?”

“మోటారు గదిలో.”

“అందుకా పిల్లులన్నీ మోటారు గది చుట్టూ తిరుగుతున్నాయి! ఆ వాసన గ్రీజుదన్నారే!”

“అప్పటికి అదే తోచింది.”

“ఏమే మరిడమ్మా, మనిషికి బీపీ అని తెలిసీ ఉప్పురొయ్యలు పెడతావా? ఏమైనా అయితే?”

“ఆయ్, అంత తెలివితక్కువదాన్ని కాదండి. అయ్యగారి రొయ్యల్ని గోరువెచ్చటి నీళ్ళలో మూడుసార్లు కడుగుతానండి. మూడు నీళ్ళూ పారబోస్తాను. పైన ఉప్పు కల్లు వెయ్యను. చింతచిగురు పులుపు మీద తినేస్తారండి.”

“అదా సంగతి! అందుకే చప్పగా ఏడుస్తోంది. నేను ఉప్పు మర్చిపోయావనుకుంటున్నాను.”

“మీరు మాట్లాడకండి! మాట్లాడే హక్కు పోయింది మీకు. ఈవిడ కడిగింది కాబట్టి సరిపోయింది.”

“అమ్మగారండీ, అయ్యగారి తిండి సంగతి మీరూ మీరూ చూసుకోండి. నా సంగతి చెప్పండి. నా చెయ్యి గడ్డ వదిలేసిందా, లేదా?”

“లేదే.”

“అది వీధిలో ఎవరికి తెలుస్తదండి? తొమ్మిదిళ్ళలోనూ మరిడమ్మ దొంగపని చేసిందనే కదా. తిండి పోతే ఇంకోచోట వెతుక్కుంటానండి. పేరు పోతే ఎక్కడ వెతుక్కోను?”

“ఏడవకే, ఏడవకు. తప్పు నాదే. ఏవండీ, చెప్పులేసుకోండి.”

“ఎక్కడికి?”

“సత్యశ్రీ ఇంటికి. తర్వాత ఎదురింటికి. తర్వాత మిగతా ఏడిళ్ళకీ. మరిడమ్మ పనిలో వంక లేదు, తుంగ నేనే నాటానని చెప్పి రండి. ఆ దారినే చినబాబుకి ఫోను చేసి, రేపు రావద్దని చెప్పండి.”

“తొమ్మిదిళ్ళకీనా! నేనే నాటానని చెప్పుకోవాలా? ఎందుకు నాటారండీ అంటే?”

“ప్రయోగం చేశానని చెప్పండి. టేపు చూపించండి, నమ్ముతారు.”

“శ్యామలా, పరువే...”

“మీరు చేసిన దానికి ఆవిడ పరువు పోవచ్చా? ఆవిడకి పోతే ఆవిడే చూసుకోవాలా? నడవండి.”

“వెళ్తున్నా. మరిడమ్మా, ఆ గిన్నె...”

“ఏవండీ!”

“గిన్నె జాగ్రత్తగా పట్టుకెళ్ళమంటున్నానే. ఒలికిపోతుందని.”

“గేటు వేసి వెళ్ళండి!”

*

“వెళ్ళారా?”

“వెళ్ళారండి. సత్యశ్రీగారి మెట్లెక్కుతున్నారు.”

“గేటు గడియ పడిందా?”

“పడిందండి. అమ్మగారండీ, ఈ తుంగంతా పీకెయ్యమంటారా?”

“పీకెయ్. ఒక్క గడ్డ ఉంచకు. ఎన్నున్నాయి?”

“అరవై నాలుగండి.”

“అరవై నాలుగు! ఎంత కష్టపడ్డారే పాపం, మోకాళ్ళ నొప్పులతో. ఒకటి చెప్పు. నేను అంతలా నిలదీసినా ఆయన ఒట్టు తప్పలేదు నువ్వు. నాకేసిన ఒట్టు కూడా ఆయన దగ్గర తప్పలేదు కదా?”

“ఎవరి మాటా ఎవరికీ చెప్పనండి. ఎవరి ఒట్టు వాళ్ళదే.”

“మంచిదానివే. నిన్ను అనవసరంగా అనేశాను. ముందు మడంతా మొలిచేసరికి, సందు దొరికింది కదా అని నువ్వే కక్కుర్తిపడి గడ్డలు వదిలేస్తున్నావనుకున్నా. మరి అనుకోనా? పెరట్లో మల్లెపాదు చుట్టూ నేను పాతింది పదహారే కదే! సరే, ఆయన తొమ్మిదిళ్ళూ తిరిగి వచ్చేలోపు ఆ రెండో గిన్నె ఇలా తియ్యి. నా రొయ్యలు ఒక్క నీళ్ళే కదా కడిగావు?”