రూతు కథను చివరిదాకా చదివిన ప్రేమ టీచర్

చిక్కడపల్లి నుంచి, నారాయణగూడ చర్చి నుంచి, మా అశోక్ నగర్ గల్లీ నుంచి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన పెద్దలారా, అక్కలారా, తమ్ముళ్లారా! మన ప్రేమ టీచర్ గారు ఇక లేరు. నేను కిషన్ రావును, వారి పక్కింటివాణ్ణి. చర్చికి వెళ్లేవాణ్ణి కాను. బైబిలు గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ వారి వరండాలో చాయ్ తాగుతూ విన్నవే.

వారు బైబిలు కాలేజీలో ఎందరో పాస్టర్లకు హీబ్రూ భాష నేర్పారు. అందరికీ ఒకటే చెప్పేవారు: "ఒక్క వాక్యం తెంపుకొని పోవద్దు. కథ మొత్తం చదువుండ్రి."

ఆ మాట విలువ నాకెప్పుడు తెలిసిందో చెబుతాను.

మా ఇంటి ఎదుట అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు పాలమూరు నుంచి మాసమ్మ, కొడుకు శ్రీను, కోడలు అంబిక పనికి వచ్చారు. శ్రీను పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. ఎవరో మాసమ్మకు రూతు కథ సగం చెప్పారు. భర్త పోయిన రూతు తన అత్త నయోమిని విడిచి వెళ్లనన్నదని. ఆ సగం కథనే మాసమ్మ పట్టుకుంది. "రూతు లెక్క నువ్వు గూడ నన్ను ఇడ్శిపెట్టి పోకు బిడ్డా" అని రోజూ ఏడ్చేది. అంబిక తల వంచుకుని వినేది.

ప్రేమ టీచర్ వెళ్లి ఇసుక కుప్ప పక్కన వాళ్లతో పాటు కూర్చున్నారు. మిగతా కథ చదివారు. పొలం కోతలయ్యాక, కోడలికి మళ్లీ పెళ్లి చేసి ఇంకో ఇల్లు, ఇంకో బతుకు తానే చూస్తానని నయోమి అన్న చోట మాసమ్మ ఆపింది.

"అత్తనే గట్లన్నదా?"

"అత్తనే అన్నది, మాసమ్మా."

మాసమ్మకు మిగిలింది ఆ ఒక్క పిల్లే. ఆ పిల్లనూ పంపేస్తే ఇంకెవరున్నారు? అయినా, ఏడాది తిరిగాక మా గుమ్మంలోకి వచ్చి అడిగింది: "సారూ, మా అంబికకు మంచి పిలగాడు యాడనన్న ఉన్నడా?"

నగేష్ అనే అబ్బాయితో అంబిక పెళ్లయింది. తల్లి స్థానంలో కూర్చుని పెళ్లి చేసింది మాసమ్మే. ముగ్గురూ గాంధీనగర్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నారు. అదిగో, కిటికీ పక్కన కూర్చున్నారు.

పోయిన నెల ఆసుపత్రిలో, ఓదార్పు వాక్యం చదవబోయిన వాళ్లను ఆపి, టీచర్ గారు ఎనభై ఎనిమిదో కీర్తన చదవమన్నారు. అది ఏడుపుతో మొదలై చీకటితో ముగుస్తుంది. ఇదెందుకు టీచర్ గారూ అని అడిగాను. నవ్వారు. "ఏడ్చేటోళ్లకు గూడ పుస్తకంల జర జాగ ఉండాలె గద, కిషన్ రావు గారూ."

అందుకే నేను ఓదార్పు మాటలేమీ చెప్పను. ఏడుపొస్తే ఆపుకోకండి. దయచేసి అందరం లేచి, మన టీచర్ గారి కోసం కాసేపు మౌనంగా నిలబడదాం.