ఆఖరి సంత్ర

ఎనభై అయిదో సంవత్సరం, శ్రీరాంపూర్ బస్టాపు ముందు చాయ్ హోటలు. బొగ్గుబాయి జట్టుకు బాస్కెట్‌బాల్ నేర్పిన కోచ్ నిజాముద్దీన్ ఆ సాయంత్రం ఊరు విడిచి పోతున్నాడు. పొద్దటి షిఫ్టు దిగిన లచ్చయ్య ఒళ్లో సంచి పెట్టుకొని కూర్చున్నాడు, ఎదురుగా సైకిల్ షాపు ఇబ్రాహీం. ఇద్దరికీ ఆట పిచ్చి, ఆ జట్టులో మేటి ఆటగాడు రామేశ్వర్ అంటే మరీ పిచ్చి. అది ఇక కుదిరే రకం కాదు.

"సంచిల ఏముంది లచ్చన్నా? జరసేపన్న కింద పెడ్తలేవు."

"చెప్పులు."

"కొత్తయా?"

"కొత్తయేంది, తెగినయి. దండ గుచ్చిన. సారు బస్సు మెట్టు మీద కాలు పెట్టంగనే మెడల ఏస్త."

"తోబ తోబ! దిమాక్ ఖరాబైందా? పోయే మనిషికి గిదేం మర్యాద?"

"మర్యాదనా? రామేశ్వరన్నను ఆట నుంచి లేపినోనికి మర్యాదనా?"

"మూడేండ్ల ముచ్చట గది. ఇంక ఇడిసిపెట్టు."

"ఇడువ. కరీంనగరోళ్ల మీద ఫైనలు. ఇంక రెండు నిమిషాలే. మనమే ముందటున్నం. గప్పుడు సారు చెయ్యి లేపిండు, అన్నను బయటికి పిల్సిండు, కుర్సీల కూసోబెట్టిండు. కప్పు పాయె. అన్న ఆట పాయె. మళ్ల బాల్ ముట్టనిచ్చిండా? ముట్టనియ్యలే!"

"అన్నకు పానం మంచిగ లేకుండెనేమో."

"ఉంటే చెప్తడు కద! నేనే పోయి అడిగిన, ఎందుకు లేపినవ్ సారూ అని. 'నా ఇష్టం' అన్నడు. నా ఇష్టమట!"

"గట్లని మూడేండ్లు తిడ్తవా? సారు రాకముందు అన్న ఎవలు చెప్పు? బాయి మీద లాంపు రూంల దీపాలు తుడిచేటోడు. బాల్ పట్టుడు నేర్పింది ఎవలు?"

"నేర్పుడేంది! గా ఆట అన్న రక్తంలనే ఉండె. సారు లేకున్నా గంతే ఆడుతుండె."

"గదే వద్దంటున్న. ఇద్దరూ ఉంటేనే ఆట."

"మస్తు చెప్పినవ్. మరి ఆఫీసరు దగ్గరికి పోయి 'గీ సారు మాకొద్దు' అని నేనంటే, నా ఎనుక నిలబడ్డది ఎవలు?"

"నేనే. నిలబడ్డ. గందుకే పోతుండు గీయాల. గదే జర మనసు గుంజుతుంది."

"నీది మెత్తటి పానం. అన్న ఆట యాదికి తెచ్చుకో. అన్న బాల్ నెట్టుల ఏసుడు, మనం సంత్రపండు ఇసురుడు, ఉరుక్కుంటనే ఒంటి చేత్తోని పట్టుడు! ఇంకే ఊర్లనన్న ఉన్నదా గీ రివాజు?"

"యాడ లేదు. గ్రౌండు సుట్టూ ఎవల చేతిల చూసినా సంత్రలే."

"గా ఫైనల్ల ఆఖరి సంత్ర నాదే, ఎరికేనా? అందరియి అయిపోయినయి, నా దగ్గర ఒక్కటి మిగిలింది. పచ్చిది. అయినా ఏందని జోరుగ ఇసిరిన. జనం అడ్డం లేసిండ్రు, పట్టింది నాకు కనపడలే. పట్టే ఉంటడు. అన్న చేతిల పడ్డ ఆఖరిది నాది. గా ఒక్క ముచ్చటతోనే బతుకుతున్న భాయ్."

"సప్పుడు చెయ్యకు. రామేశ్వరన్న ఇంటామె వస్తుంది."

"ఇబ్రాహీం తమ్మీ, కరీంనగర్ బస్సు పోయిందా?"

"ఇంకా రాలే దేవకి వదినె. అన్న రాలేదా?"

"సారుకు మొఖం చూపియ్యలేక ఇంట్ల కూసున్నడు. గీ రొట్టెలు ఇచ్చి రమ్మన్నడు, సారుకు తొవ్వల తినెతందుకు."

"సారుకు రొట్టెలా వదినె? నీ మొగని ఆట చెడగొట్టినోనికా?"

"ఎవలు చెడగొట్టిండ్రు లచ్చయ్యా? ఆగు, గా సంచిల ఏంది... చెప్పుల దండనా?"

"సారుకే."

"అయ్యో నా రాత! నీకు దండం పెడ్త, గా పని చెయ్యకు. మా ఆయనకు ఎడమ కన్ను కనపడదు."

"ఏంది?"

"మూడేండ్ల సంది కనపడదు. చూస్తే మంచిగనే ఉంటది. గందుకే బాల్ ముడుతలేడు. సారు ముట్టనియ్యక కాదు."

"ఎట్ల... ఎట్ల పోయింది వదినె?"

"గా ఫైనల్లనే. సంత్ర తాకి. పచ్చిది, రాయి లెక్క ఉండెనట. సక్కగ వచ్చి కంట్లె తాకింది."

"లచ్చన్నా, గా సంచి ఇటియ్యి. లే, పోదాం."

"ఉండు ఇబ్రాహీం. మరి చెప్పొచ్చు కద వదినె? ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తరు? ఓడిపోయి జనం మండుతుండ్రు. పలానోని సంత్ర తాకిందంటే వాన్ని గ్రౌండ్లనే సంపుతుండె. 'నీ ఇష్టంతోనే లేపినవని చెప్పు సారూ, నీ కాళ్లు మొక్కుత' అన్నడు మా ఆయన. సారు సరే అన్నడు. తిట్లన్ని మీదేసుకున్నడు."

"ఇసిరినోడు... అన్నకు కనపడ్డడా?"

"ఆయనకు కనపడలే. సారు చూసిండు. ఎంత అడిగినా పేరు చెప్పలే."

"వదినె, ఇంక చాలు. బస్సొస్తుంది."

"చెప్పనీ ఇబ్రాహీం! ఏమన్నడు సారు?"

"నిన్న పోయొస్తనని ఇంటికొచ్చిండు. గిప్పుడన్న పేరు చెప్పు సారూ అని నేనడిగిన. నవ్విండు. 'వాని ఫికర్ వద్దు బేటీ. రామేశ్వర్ అంటే వానికున్నంత పానం గీ ఊర్ల ఎవలికీ లేదు. గందుకే అందరికన్న ఎక్కువ నన్ను వాడే తిడ్తడు' అన్నడు."