ఆ అప్‌డేట్ ఎవరిది?

అద్దె ఫ్లాటు తలుపు మూసి ఉంది. లోపల ఆమె, బయట ఆమె భర్త.

"తలుపు తియ్యి. మెట్ల మీద జనం చూస్తున్నారు."

"చూడనీ. ఈ అడ్రసు నీకెవరిచ్చారో ముందు చెప్పు."

"నువ్వా? మొగుణ్ణి పట్టుకుని నువ్వంటున్నావా? ఎప్పట్నుంచి?"

"చెయ్యి విరిచినప్పట్నుంచి. మణికట్టు ఇంకా సరిగా తిరగట్లేదు. అడ్రసు ఎవరిచ్చారు?"

"మీ చెల్లెలు."

"దానికి నేను చెప్పలేదు."

"అయితే మీ ఆఫీసులో ఎవరో... ఎవరైతే ఏం? తెలిసింది, వచ్చాను. బట్టలు సర్దుకో."

"ఆఫీసులో ఎవరికీ తెలీదు. నీకు దొరక్కూడదనే ఎవరికీ చెప్పలేదు. మొన్నటిదాకా తెలిసిందల్లా నా లాప్‌టాప్‌కే."

"మధ్యలో లాప్‌టాపేంటి?"

"దాంట్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది నువ్వు. పుస్తకాల పేజీలు కూర్చుకోడానికి మంచి ఫాంట్లు కావాలంటే, నీ సర్వర్ని బయటి సోర్సుగా కలిపింది నువ్వు. గుర్తుందా?"

"పుణ్యానికి పోతే పాపం ఎదురైందట! అప్పుడు నెత్తిన పెట్టుకున్నావు, ఇప్పుడు తప్పైందా?"

"కలపడం తప్పు కాదు. కలిపిన పద్ధతి తప్పు. బయటి సోర్సు పెట్టుకుంటే దాని సంతకాన్ని సరిచూసే కీని దానికే కట్టెయ్యాలి. కావలసిన ప్యాకేజీ తప్ప ఇంకేదీ అందులోంచి రాకుండా చూసుకోవాలి. నువ్వేం చేశావు? నీ కీ అన్నింటికీ చెల్లేలా పడేశావు. నీ సర్వర్ ఏం పంపినా నా లాప్‌టాప్ నోరెత్తకుండా మింగేస్తుంది."

"అబ్బో! ఒక్క కమాండ్ టైపు చెయ్యడం రానిదానివి, నాకు పాఠాలు చెప్తున్నావా?"

"రాకపోతే నేర్చుకున్నా. మొన్న ఫాంట్ల అప్‌డేట్ వచ్చింది. విప్పి చూస్తే ఫాంట్లతో పాటు ఓ చిన్న ప్రోగ్రాం. చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ ఏరి నీ సర్వర్‌కి పంపుతోంది. కింద మందుల షాపుది, పక్కింటివాళ్లది, అన్నీ. వాటిని పట్టుకునే కదా ఇక్కడికొచ్చావు?"

"నేనా? ఛీ! నాకేం ఖర్మ?"

"మరి ఎవరు?"

"నాకేం తెలుసు? సర్వరన్నాక ఎవడో ఒకడు దూరుతుంటాడు. అంత భయమైతే ఆ సోర్సు తీసి పారెయ్, పీడా పోతుంది."

"తీసేశాను. కీ కూడా తుడిచేశాను. ఆ అప్‌డేట్ కాపీ మాత్రం దాచాను."

"కాపీ ఎందుకు?"

"ఎందుకో నీకు తెలీదా?"

"ఏం చేస్తావు? పోలీసులకిస్తావా? నీ మాట ఎవరు నమ్ముతారు? మా అక్కే నమ్మలేదు."

"నమ్మలేదు. చెయ్యి బాత్‌రూంలో జారిపడి విరిగిందన్నావు, నమ్మింది. నా కోసం వెతకట్లేదని ఒట్టేశావు, అదీ నమ్మింది."

"నమ్మదా మరి? నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి."

"అందుకే అడుగుతున్నా. నీ సర్వర్‌లో నిజంగా దొంగే దూరాడా?"

"దూరాడేమో అన్నాను."

"దూరితే వాడికి నువ్వు సంతకం పెట్టే కీ కూడా దొరికినట్టే. పెద్ద పెద్ద కంపెనీలకి సెక్యూరిటీ పాఠాలు చెప్పే పెద్దమనిషివి, సొంత కీ దాచుకోలేకపోయావన్నమాట."

"ఏయ్, నోరు జాగ్రత్త."

"కోపమెందుకు? ఎక్కడో పారేసుకుని ఉంటావు. ఆ బల్ల మీదో, ఈ సొరుగులోనో..."

"పారేసుకోవడమా? నేనా? ఆ కీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి మెళ్లో వేసుకు తిరుగుతా. స్నానానికి కూడా తియ్యను. దాని పాస్‌వర్డ్ నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. దేవుడు దిగొచ్చినా నా సంతకం పెట్టలేడు, తెలుసా?"

"ఎవడూ పెట్టలేడా?"

"ఎవడూ!"

"ఆ అప్‌డేట్ మీద నీ సంతకముంది."

"నా సంతకమా?"

"లేకపోతే నా లాప్‌టాప్ దాన్ని తీసుకునేదే కాదు. మరి ఆ సంతకం ఎవరు పెట్టారు?"

"చూడూ..."

"చూసేదేం లేదు. ఎవరు పెట్టారు?"

"ఇవన్నీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందాం. ముందు తలుపు..."

"ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను! ఏం? పెళ్లాం ఎక్కడ చచ్చిందో తెలుసుకునే హక్కు నాకు లేదా? ఇప్పుడు తలుపు తీస్తావా, బద్దలుకొట్టమంటావా? ఈసారి ఒక్క చెయ్యితో వదలను!"

"విన్నారా వదినా?"

"విన్నానమ్మా. పొద్దున నువ్వు రమ్మంటే నమ్మకుండానే వచ్చాను. గొళ్లెం తియ్యకు. ఆ ఫోన్ ఇటివ్వు, నా తమ్ముడి మీద పోలీసులకి నేనే చెప్తాను."